మూడు చుట్ల బెల్టు

2014 జనవరిలో మా కంపెనీ నన్ను ఉత్తర మిన్నెసోటాలో జరిగే ఒక స్నోమొబైల్ పందేల పోటీకి పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ ఫీల్డ్ సర్వీస్ ఇంజినీర్. పేరు పొడుగ్గా ఉన్నా పని ఒక్క మాటలో చెప్పవచ్చు. మేము తయారుచేసిన రబ్బరు బెల్టు ఎక్కడ తెగినా, అది ఎందుకు తెగిందో చెప్పాలి. ల్యాబ్‌లో టెక్నీషియన్లు కొలతలు తీసి ఇస్తారు, సర్వీస్ ఇంజినీరు కారణం రాస్తాడు, మేనేజరు సంతకం పెడతాడు. తప్పు మా తయారీలో ఉందా, వాడినవాళ్ళ చేతిలో ఉందా అన్నది ఆ కారణం మీద ఆధారపడి ఉంటుంది.

ఈ పనికి నేను పెద్ద చదువు దారిన రాలేదు. గుంటూరులో బి.ఎస్సీ. కెమిస్ట్రీ పూర్తిచేసి, నా భార్య సుశీలకు నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట అమెరికా చేరాను. మొదట రబ్బరు కలిపే యంత్రం దగ్గర సహాయకుడిగా చేరాను. పాలిమర్లు, ఘర్షణ, నూలు బలం వంటి మిగిలిన చదువంతా మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో జరిగింది. అక్కడ లేని పుస్తకాన్ని వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తారు. ఆ సదుపాయాన్ని మా కౌంటీలో నా అంతగా వాడుకున్నవాడు లేడని ఆ లైబ్రేరియనే అనేది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సంతోషమే.

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే మోటారు బండి. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్ ఉంటాయి. దాన్ని నడిపేవాళ్ళు స్లెడ్ అంటారు. ఇంజను బలం ట్రాక్‌కి చేరేది ఒక మందపాటి బెల్టు ద్వారా. గేర్లు ఉండవు. రెండు శంకువుల మధ్య బెల్టు పైకీ కిందికీ జారుతూ వేగాన్ని మారుస్తుంది. మా తెనాలి వైపు రైసుమిల్లుల్లో పొడవాటి బెల్టులు తిరగడం చూసినవాళ్ళు అటువంటిదే ఒకటి చిన్నదిగా, చాలా వేగంగా, గడ్డకట్టే చలిలో తిరుగుతున్నట్టు ఊహించుకోవచ్చు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఈ బండ్లకు ఒకే రకం పందెం ఉంటుందనుకున్నాను. తెగిన బెల్టులు పార్సిళ్ళలో రావడం మొదలయ్యాక తెలిసింది, పందెం మారితే బెల్టు పడే బాధ కూడా మారుతుందని. ఐస్ ఓవల్ పందెంలో నీళ్ళు చల్లి గడ్డకట్టించిన గుండ్రటి దారి మీద, ట్రాక్‌కు ఉక్కు మేకులు బిగించుకుని, ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతూ పోతారు. అక్కడి బెల్టు అంచులు అద్దంలా నునుపుదేరి వస్తాయి. డ్రాగ్ పందెం తిన్నటి దారిలో కొన్ని సెకన్ల పని. నిలిచిన చోటి నుంచి ఒక్కసారిగా లంఘించడంలో బెల్టు మీద ఒకచోట కాలిన మచ్చ పడుతుంది. దీన్ని మంచులేని కాలంలో గడ్డి మీద కూడా ఆడతారు. హిల్ క్లైంబ్‌లో నిలువు కొండ మీదికి లోతైన మంచులో ఎక్కాలి. ఆ బెల్టుల పార్సిల్ విప్పితే గదంతా కాలిన రబ్బరు వాసన వచ్చేది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరచింది వాటర్ క్రాస్. ఎండాకాలంలో చెరువు నీళ్ళ మీదే స్నోమొబైల్ నడుపుతారు. వేగం ఉన్నంతసేపు తేలుతుంది, వేగం పెంచే మీట, అంటే థ్రాటిల్, వదిలితే మునుగుతుంది. మునిగిన బండి ఎక్కడుందో తెలియడానికి దానికి తాడుతో ఒక తేలే బెండు కట్టి ఉంచుతారు. మొదటిసారి లైబ్రరీ పుస్తకంలో ఆ బొమ్మ చూసి, ఇది అచ్చుతప్పేమోనని మరో పుస్తకం తెప్పించుకున్నాను.

ఇక క్రాస్ కంట్రీ, స్నోక్రాస్. ఈ జ్ఞాపకానికి కావలసినవి ఈ రెండే. క్రాస్ కంట్రీలో అడవులు, గడ్డకట్టిన సరస్సులు, రోడ్డు పక్క గుంటలు దాటుకుంటూ గంటల తరబడి పోతారు. దారిలో బెల్టు తెగితే మార్చేందుకు మనిషి దొరకడు కాబట్టి, నడిపేవాళ్ళు అదనపు బెల్టును బండి మీదే మోసుకుపోయి తామే వేసుకోవాలి. స్నోక్రాస్ దీనికి ఎదురు. చిన్న దారిలో మంచు గుట్టలు పోసి, వాటి మీద నుంచి గాలిలోకి ఎగిరి దిగుతూ కొద్ది నిమిషాల్లో ముగించే పందెం. అక్కడ అదనపు బెల్టు ఎవరూ మోయరు. ఏది మార్చాలన్నా బండ్లను మోసుకొచ్చే టీము ట్రెయిలర్‌లో మారుస్తారు.

నన్ను పంపింది స్నోక్రాస్‌కే. గ్యారీ అనే టీము యజమాని దగ్గర ఒక అమ్మాయి నడిపే బండిలో ఆ సీజనులో బెల్టు మూడుసార్లు తెగింది. ముక్కలు మా ల్యాబ్‌కు వచ్చాయి. కాలిన గుర్తు లేదు, అరుగుదల లేదు. కత్తితో కోసినట్టు అడ్డంగా తెగాయి. మా కంపెనీ మార్గదర్శక పుస్తకంలో అటువంటి తెగుడుకు మొదటి కారణం హఠాత్తుగా పడిన దెబ్బ. స్లెడ్ గాల్లో ఉండగా థ్రాటిల్ వదలకపోతే ట్రాక్ విపరీతంగా తిరుగుతుంది. నేలకు తగలగానే అది ఠక్కున ఆగి, ఆ దెబ్బంతా బెల్టు మీద పడుతుంది. అంటే తప్పు నడిపేవాళ్ళ బొటనవేలిది, థ్రాటిల్ ఉండేది అక్కడే కనుక. గ్యారీ మమ్మల్ని కోరింది ఒక్కటే. తప్పు వేలిదా, బెల్టుదా కచ్చితంగా రాసివ్వమన్నాడు. వేలిదైతే, పోటీ ముగిసే ఆదివారం తర్వాత ఆ బండిని వేరేవాళ్ళకు ఇస్తానని ముందే చెప్పాడు.

ఆ అమ్మాయి పేరు రేచల్. పేరు చూడగానే మా మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఈ కేసు నాకు ఇవ్వడం సరికాదేమోనని చెప్పాను. రేచల్ తండ్రి ప్రసాద్ గారు ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆయన కుటుంబమూ మేమూ మినియాపొలిస్ దగ్గర ఒకే తెలుగు చర్చికి వెళతాం. తెలిసినవాళ్ళ కేసు తీసుకునే ముందు చెప్పాలన్నది మా నియమం. మేనేజరు ఆలోచించి, వెళ్ళమనే అన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. నేను ఏం రాసినా, నన్ను ఎరగనివాడు కూడా అదే చూడగలిగేలా ముక్కను తీసుకురావాలి.

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి టీము ట్రెయిలర్ తలుపులు తెరిచి ఉన్నాయి. రేచల్ హెల్మెట్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది.

"అంకుల్, నువ్వు వచ్చావా?"

"'మీరు' అనాలమ్మా," అన్నారు ప్రసాద్ గారు పక్కనుంచి.

"సరే. మీరు వచ్చావా?"

ప్రసాద్ గారు నా వైపు తిరిగి, "విన్నారుగా. ఇరవై మూడేళ్ళుగా ఇదే ఫలితం," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మా అమ్మాయి వేలు బాగుందో లేదో డాక్టర్ని నేను చెప్పకూడదట. రబ్బరు చూసే మీరు చెప్పాలట," అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని ఆయన చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది.

గ్యారీకి అరవై దాటి ఉంటాయి. క్రాస్ కంట్రీలో ఒకప్పుడు పేరున్న మనిషి. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని ఇంగ్లీషులో అడిగాడు, మీరూ మీరూ ఒకటేనా అని. చర్చి సంగతి దాచకుండా చెప్పాను. "బాగుంది. బెల్టు మీదే, పిల్లా మీదే. మిగిలిన బండి ఒక్కటే నాది," అన్నాడు. రేచల్ బొటనవేలికి ఆన్ తప్ప ఆఫ్ లేదని కూడా ఆమె ముందే అన్నాడు.

ఆయన అటు వెళ్ళాక రేచల్ నాతో చెప్పింది. "గాల్లో ఉన్నప్పుడు నేను థ్రాటిల్ వదిలేస్తా అంకుల్. ఎవ్రీ జంప్. వీడియో చూపిస్తే అది వేరే జంప్ అంటాడు. సీజన్ మధ్యలో నన్ను ఇంకో టీమ్ తీసుకోదు. నా సొంత స్లెడ్ లేదు కదా. ఇది పోతే నాకు రేసింగ్ అయిపోయినట్టే."

"బెల్టు ఏం చెబితే అదే రాస్తానమ్మా," అన్నాను.

"అది నాకు అగెయిన్‌స్ట్ చెప్తే?"

"అదీ రాస్తాను."

హెల్మెట్ తలకు పెట్టుకుంటూ, "ఓకే. ఫెయిర్," అంది.

ప్రాక్టీసు సమయంలో నేను అతి పెద్ద గుట్ట పక్కన నిలబడ్డాను. అక్కడ కళ్ళకన్నా చెవులు నయం. థ్రాటిల్ వదిలితే ఇంజను గొంతు గాల్లోనే దిగుతుంది, వదలకపోతే కీచుమంటుంది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళ బండ్లు కీచుమన్నాయి. రేచల్ బండి ప్రతిసారీ గొంతు దించుకునే నేలకు దిగింది. కాని ప్రాక్టీసు వేరు, పందెం వేరు. పక్కన పదిమంది తోసుకువస్తున్నప్పుడు వేలు ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? చెవి విన్నదాన్ని రిపోర్టులో కారణంగా రాయలేం.

మధ్యాహ్నం పందెంలో, ఫైనల్‌కు అర్హత పొందే స్థానంలో ఉండగా, రేచల్ బండిలో బెల్టు మళ్ళీ తెగింది. గుట్ట మీద కూడా కాదు, మలుపు దాటి వేగం అందుకుంటుండగా తెగింది. ఆమె బండి దిగి, దాన్ని దారి పక్కకు లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుంది. మరో పందెంలో గెలిస్తే ఫైనల్‌కు ఇంకా అవకాశం ఉందని మైకులో చెప్పారు. ప్రసాద్ గారు ఆ మాట వినిపించుకోలేదు.

తెగిన బెల్టు నాకు ట్రెయిలర్‌లో అందింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. బల్ల మీద పరిచి, తెగిన చోటు చూశాను. అదే అడ్డగోత. అక్కడితో ఆగితే నేను రాసేదీ మా పుస్తకం చెప్పినదే అయ్యేది. కాని లైబ్రరీలో తాళ్ళ గురించి చదివినప్పటి నుంచి నాకు ఒక అలవాటు ఉంది. ఓడల తాళ్ళు, లిఫ్టు తాళ్ళు పరీక్షించేవాళ్ళు తెగిన చోటికన్నా తెగని చోటును ఎక్కువసేపు చూస్తారు. మిగతా బెల్టు పొడవునా వేలితో తడుముతూ పోతే, వీపు మీద సన్నని మడత గీత ఒకటి తగిలింది. తెగిన చోటికి అది ఎంత దూరమో, ఇంచుమించు అంతే దూరంలో మరొకటి. కత్తితో అక్కడ రబ్బరు లేపి చూశాను. లోపల బలాన్నిచ్చే దారాలు సగం విరిగి, పీచు లేచి ఉన్నాయి. పైన రబ్బరు మాత్రం బాగానే ఉంది.

ఒక దెబ్బకు బెల్టు ఒకచోట తెగుతుంది. దూరం కొలిచినట్టు మరో రెండు చోట్ల లోపల గాయపడదు. ఆ దారాల సంగతి ఏమిటంటే, లాగితే అవి ఉక్కుతో పోటీపడతాయి. పదునుగా వంచితే మాత్రం ఓర్చుకోవు. కనుక ఈ బెల్టును ఎవరో వంచారు.

గ్యారీని అడిగాను, కొత్త బెల్టు డబ్బాలోంచి తీసిన దగ్గర నుంచి బండికి ఎక్కేవరకు ఏమేం జరుగుతుందో చూపించమని. ఆయనకు ఆ ప్రశ్న నచ్చింది. ఆ రంగంలో చాలామంది కొత్త బెల్టును నేరుగా వాడరు. వేడినీళ్ళూ సబ్బూ పెట్టి కడుగుతారు, కొంతసేపు నెమ్మదిగా నడిపి అలవాటు చేస్తారు. గ్యారీ అంతవరకు చక్కగా చేశాడు. తర్వాత వేడిగా ఉన్న బెల్టును బయటికి తీసి, మూడు చుట్లు చుట్టి, మోకాలితో అణచి, బల్లపరుపుగా చేసి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి, వేడి లేని ట్రెయిలర్ వెనక భాగంలో కొక్కేనికి తగిలించాడు. అక్కడ అలాంటివి ఇంకా రెండు వేలాడుతున్నాయి.

"వేడి మీద మడిస్తే చెప్పినమాట వింటుంది. గడ్డకట్టాక ఇక విప్పుకోదు. సీటు వెనక పౌచ్‌లో అరచేయంత చోటులో సరిపోతుంది. ఇది నా సొంత పద్ధతి," అన్నాడు గ్యారీ.

రేచల్ అక్కడే ఉంది. "గ్యారీ, నా స్లెడ్‌కి పౌచ్ ఎక్కడుంది?" అని అడిగింది.

గ్యారీ స్లెడ్ వైపు చూశాడు. తర్వాత కొక్కేల వైపు చూశాడు. "బెల్టు ఇలాగే ఉంచాలి," అన్నాడు.

"ఎందుకు?"

"ఇలాగే ఉంచుతాం కాబట్టి."

ఇక్కడ నేను జాగ్రత్తగా మసలవలసి వచ్చింది. పందెం జరుగుతుండగా ఏ బెల్టు వేసుకోవాలో సర్వీస్ ఇంజినీరు చెప్పకూడదు. అలా చెబితే గెలుపోటముల్లో కంపెనీ చెయ్యి పెట్టినట్టవుతుంది. నేను చూసినది చూపించవచ్చు, అంతే. కొక్కేనికి వేలాడుతున్న వాటిలో ఒకదాన్ని కోయడానికి గ్యారీ అనుమతి అడిగాను. అది కడిగి, అలవాటు చేసి, మడిచి ఉంచినది. పందెంలో ఎన్నడూ తిరగలేదు. ఏ గుట్ట మీద నుంచీ దూకలేదు. రేచల్ వేలికి దానితో సంబంధమే లేదు. మంచి బెల్టును కోయడం ఆయనకు ఇష్టం లేకపోయినా, కత్తి తానే తీసుకుని, నేను చూపిన చోట తానే కోశాడు.

దారాలు విరిగి ఉన్నాయి. రెండో మడత దగ్గరా అంతే.

ప్రసాద్ గారు ఆ ముక్కను తీసుకుని వెలుతురులో తిప్పి చూసి, తెలుగులో, "ఎముక విరిగింది, చర్మం బాగుంది," అన్నారు. గ్యారీ అదేమిటని అడిగితే నేను అనువదించాను. "మీ డాక్టరుకు నా ట్రెయిలర్‌లో ఫీజు లేదు," అన్నాడు గ్యారీ. అంత మాట వచ్చిందంటే వింటున్నాడన్నమాట. కాని ఒప్పుకోలేదు. తను క్రాస్ కంట్రీలో ఇన్నేళ్ళు ఇలాగే మోశానని, ఒక్కటీ తెగలేదని అన్నాడు.

మోసుకుపోయిన అదనపు బెల్టును ఎన్నిసార్లు వేసుకోవలసి వచ్చిందని అడిగాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. ఎప్పుడో ఒకటి రెండుసార్లు, అదీ ఎలాగో గమ్యం చేరితే చాలని మెల్లగా నడుపుకుంటూ పోయినప్పుడు, అని చెప్పాడు.

మర్నాడు పొద్దున చివరి అవకాశపు పందెం. డబ్బాలోంచి తీసిన కొత్త బెల్టును కడిగి, నెమ్మదిగా అలవాటు చేసి, మడవకుండా నేరుగా బండికే ఉంచమని రేచల్ అడిగింది. కొక్కెం చూడని బెల్టును తాను ఏనాడూ పందేనికి పంపలేదని గ్యారీ అన్నాడు. "ఇది కూడా తెగితే సీట్ నీకిచ్చేస్తా. నేనే వెళ్ళిపోతా. తప్పు నా వేలిదే అని నేనే చెప్తా," అంది రేచల్. నా మనసులో మాట చెప్పాలంటే, ఆ పందెం ఆమె కాయకుండా ఉంటే బాగుండునని నాకు అనిపించింది. కొత్త బెల్టు కూడా వేరే కారణంతో తెగవచ్చు. అలా తెగితే నా చేతిలోని ముక్కల విలువ ఎవరికీ పట్టదు.

ఆ పందెంలో ఆమె గెలిచి ఫైనల్‌కు వెళ్ళింది. ఫైనల్‌లో రెండో చుట్టులోనే ఒక మలుపులో పక్కబండి తగిలి పడిపోయింది. లేచి, బండిని నిలబెట్టి, అందరికన్నా వెనక నుంచి మొదలుపెట్టి ఏడో స్థానంలో ముగించింది. దిగిన ప్రతి గుట్ట దగ్గరా నేను వింటూనే ఉన్నాను. బెల్టు తెగలేదు.

గ్యారీ క్లచ్ మూత తెరిచి, బెల్టును బయటికి తీసి, వీపంతా వేలితో తడిమి చూశాడు. నేను చేసినట్టే చేశాడు. తర్వాత నాతో అన్నాడు, "ఒక్క రోజు తెగకపోతే నీ మాట నిజమైపోదు."

అది న్యాయమైన మాట. నేనూ అలాగే అనుకున్నాను. అందుకే ఒకే డబ్బాలోంచి కొన్ని బెల్టులు తీసుకుని, సగం గ్యారీతోనే ఆయన పద్ధతిలో మడిపించి, సగం పెద్ద మేకుకు వదులుగా తగిలించి, అన్నిటినీ ఆ చలిలోనే ఉంచి ల్యాబ్‌కు తెచ్చాను. ఏది ఏదో టెక్నీషియన్లకు చెప్పలేదు. లాగుడు యంత్రం మీద మడిచినవన్నీ ముందుగా తెగాయి, అదీ మడత దగ్గరే. మడవనివి ఎక్కడపడితే అక్కడ, చాలా ఎక్కువ బలానికి తెగాయి. సీజను మొదట్లో వచ్చిన పాత ముక్కలను కూడా మళ్ళీ తీసి కోసి చూశాం. అన్నిటిలో అవే గాయాలు. కారణం రాశాను, మేనేజరు ముక్కలు చూసి సంతకం పెట్టాడు. తప్పు తయారీదీ కాదు, వేలిదీ కాదు, భద్రపరచిన తీరుది.

రేచల్ సీటు ఆమెకే ఉండిపోయింది. ఆమె ఆ సీజను పూర్తిచేసింది, తర్వాత మరికొన్నేళ్ళు కూడా నడిపింది. గ్యారీ ఆమెకు క్షమాపణ చెప్పినట్టు నేను వినలేదు. ట్రెయిలర్ గోడకు పెద్ద మేకులు కొట్టించాడని మాత్రం ఆమె చెప్పింది. తన క్రాస్ కంట్రీ బండి కోసం మటుకు బెల్టును మూడు చుట్లు చుట్టడం ఆయన మానలేదట. "అడిగితే అది వేరే రేస్ అంటాడు అంకుల్," అంది.

ఈ కేసు తర్వాత నేను పనిచేసే పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. అంతకుముందు తెగిన బెల్టు వస్తే, ఏ పందెంలో తెగింది, ఎలా నడిపారు అని అడిగేవాణ్ణి. ఆ తర్వాత, నడపని సమయంలో అది ఎక్కడుంది, దాన్ని అక్కడ పెట్టిన మనిషి ఏ పందెంలో పని నేర్చుకున్నాడు అని కూడా అడగసాగాను. రెండోది, ఇన్నేళ్ళుగా ఇలాగే చేస్తున్నాం, ఏమీ కాలేదు అని ఎవరైనా అంటే ఆ మాటను రుజువుగా తీసుకోవడం మానేశాను. గ్యారీ పద్ధతి క్రాస్ కంట్రీలో నెగ్గిందని కాదు. అక్కడ దాన్ని ఎవరూ పరీక్షించలేదు, అంతే.